జ్ఞానవతి ఎడమ కన్ను

ఆ రోజు దీవి నుంచి విశాఖపట్నానికి ఓడ వెళ్ళే రోజు. దేవకుమార్ పొద్దున్నే టీ కూడా తాగకుండా బల్ల ముందు కూర్చుని, సన్న కుంచెతో కూతురి ఫోటోకి కళ్ళు దిద్దుతున్నాడు. మనవరాలి ముఖం ఒక్కసారి ఎదురుగా చూపించమని భీమిలి నుంచి తల్లి మేరమ్మ ఉత్తరం రాసింది. మధ్యాహ్నం లోపల కవరు పోస్టులో పడాలి.

ఆ దీవిలోని బతు బస్తీలో ఎవరు పోయినా ఫోటోలు తీసే దేవకుమార్‌కే కబురు వచ్చేది. విశాఖపట్నం వైపు చుట్టాలు ఓడెక్కి వచ్చేదాకా శవాన్ని ఉంచలేరు కనుక, పెట్టె మూయకముందే ఫోటో తీయించి పంపడం అక్కడి అలవాటు. ఆ ఫోటోలో మూసిన కళ్ళను తెరిచినట్టు దిద్దడంలో అతను చెయ్యి తిరిగినవాడు. రెండు నెలల కిందట జ్వరంతో పోయిన ఎనిమిదేళ్ళ జ్ఞానవతి ఫోటో కూడా అలా తనే తీయవలసి వచ్చింది. ఏ తండ్రికీ రాకూడదు ఆ పని.

సిరా ఆరాక భార్యను పిలిచాడు. పుష్పవతి చేతులు తుడుచుకుని వచ్చి చాలాసేపు చూసింది.

"ఎవరండీ ఈ పిల్ల?" అంది.

దేవకుమార్‌కు ఒళ్ళు మండింది. వారం రోజులు కూర్చుని దిద్దానని, ఈ ఓడ తప్పితే మళ్ళీ పదిహేను రోజులని గట్టిగానే అన్నాడు. ఆమె ఫోటో తిరిగి ఇవ్వలేదు.

"దాని ఎడమ కన్ను మెల్ల. అదేదీ?"

"ఆ కన్నుతో ఎలగ పంపుతాం? అమ్మ బాధపడదేటి?"

"బస్తీలో అందరికీ కెమెరా వైపు 'సీధా దేఖో' అంటారు మీరు. నా కూతురికి మాత్రం ఎప్పుడూ కిటికీ వైపు చూపించి 'ఉధర్ దేఖ్ బేటీ' అన్నారు. నాన్న నన్ను సీధా ఎందుకు తీయడమ్మా అని అడిగేది. నీ బుగ్గ బాగుంటాదే అని అబద్ధం చెప్పీదాన్ని. పోయాక కూడా దాన్ని ఉన్నట్టు ఉండనివ్వలేదు మీరు."

దేవకుమార్ గోడవైపు చూశాడు. ఐదు పుట్టినరోజుల ఫోటోలు, ఐదింటిలోనూ పిల్ల కిటికీ వైపే చూస్తోంది. ఆ కన్ను చూసి ఎవరూ నవ్వకూడదనే అలా తీశాడు. అదే ప్రేమ అనుకున్నాడు.

ఇంకో కాపీ తీసి కుంచె పట్టుకున్నాడు. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. బస్తీలో ఎవరి ముఖాన ఏ మచ్చ ఉందో చెప్పగలిగిన మనిషికి, కన్నకూతురి కన్ను గుర్తుకు రాలేదు.

"పుష్పా, ఎంత మెల్ల?" అన్నాడు. "నాను ఎప్పుడూ దాన్ని తిన్నగా చూళ్ళేదు."

అంతసేపూ కోపంగా నిలబడ్డ పుష్పవతి పక్కన కూలబడి ఏడ్చింది. కాసేపటికి చిటికెన వేలు కాగితం మీద ఆనించింది.

"ముక్కు వైపుకి. ఇంతే. నవ్వితే ఇంకొంచెం."

జెట్టీ నుంచి ఓడ కూత వినిపించింది. ఇద్దరూ లేవలేదు. దీపాల వేళకి దిద్దడం అయింది; మెల్ల కన్నుతోనే జ్ఞానవతి కాగితం మీంచి మొదటిసారి తండ్రిని సూటిగా చూసింది. దేవకుమార్ ఆ ఫోటో మీద కన్నీళ్ళు పడకుండా దూరంగా పట్టుకుని, "ఇధర్ దేఖ్ బేటీ" అన్నాడు.