గాలి తగలని చోటు

చేపల వాసనే పడని నేను చేపల పేగులు కోసే ల్యాబులో చేరానంటే, నా ఖర్మ కాక మరేమిటి!

ఆదివారం మధ్యాహ్నం. బయట వాన. ల్యాబులో నేనూ, మా సీనియర్ అక్కా తప్ప ఎవరూ లేరు. పొద్దున అక్క కలిపిచ్చిన టీ కూడా నీచు కొట్టింది. పాలు పాడయ్యాయేమోనని సణుక్కుంటూనే తాగేశాను.

అక్కకి ఒక చేప పేగులో కొత్త బ్యాక్టీరియా దొరికింది. గాలి తగిలితే చాలు, చచ్చిపోతుంది. అందుకే గాలి చొరబడని గాజు పెట్టెలో పెంచుతున్నాం. పెట్టె ముందు రెండు రబ్బరు తొడుగులుంటాయి. వాటిలో చేతులు దూర్చి లోపలి పని చేయాలి. ఎవరూ వాడనప్పుడు అవి లోపలి గ్యాసుకి ఉబ్బి, మన వైపే చాచుకుని ఉంటాయి. చూస్తేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

కొత్త బ్యాక్టీరియాకి పేరు పెట్టాలంటే, దాన్ని ప్రాణంతో రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలని రూలు. అక్క ఎప్పుడు పంపినా అది దారిలోనే చచ్చేది. ఇక మిగిలింది ఒక్క ట్యూబు. అదీ పోతే అక్క ఐదేళ్ల కష్టం మట్టికొట్టుకుపోయినట్టే.

"కాస్త ట్యూబు చూడవే. నాకు కడుపులో బాగోలేదు," అంది అక్క, కుర్చీలోంచి కదలకుండానే.

విసుక్కుంటూ తొడుగులో చెయ్యి దూర్చాను. లోపల తడి. వెచ్చగా, జిగటగా... ఛీ! ఎవరి చెమటో అనుకున్నాను. వేళ్లు చివరిదాకా వెళ్లాయి.

అక్కడ ఏదో... నా వేళ్లని మెల్లగా చప్పరించింది.

కెవ్వుమని చెయ్యి లాగేశాను. వేళ్ల మధ్య తీగలా సాగే బంక. కుళ్ళిన గుడ్డు, కుళ్ళిన చేప కలిసిన కంపు. పెట్టెలోకి చూశాను. ట్యూబులో ఉన్నది గాలి తగిలితే గులాబీ రంగుకి మారే ద్రవం. ట్యూబంతా గులాబీ రంగు.

"అక్కా! తొడుగుకి చిల్లు పడింది... చచ్చిపోయిందే!" నాకు ఏడుపొచ్చేసింది.

అక్క మాత్రం ఏడవలేదు.

"పోనీలే. దానికి ట్యూబులు నచ్చవు. వేరే చోట పెట్టాను."

"ఎక్కడ?"

కడుపు మీద చెయ్యి వేసుకుంది. అది బాగా ఉబ్బి ఉంది. చెయ్యి కింద ఏదో బుడబుడమంది.

"గాలి తగలని చోటు ఇంతకన్నా ఏముంటుందే?" అని గుసగుసగా నవ్వింది. ఆ నోట్లోంచి అదే కంపు.

"తాగావా? మతి గానీ పోయిందా నీకు! లే, ఆసుపత్రికి పద. అయినా ఒక్క చోట దాచుకుంటే నీకు పేరెవడు ఇస్తాడే!"

"ఒక్క చోటేం కాదులే..."

అక్క చూపు నా టీ కప్పు మీద ఆగింది.

సింకు దగ్గరికి పరిగెత్తాను. గొంతులో వేళ్లు పెట్టుకున్నాను. ఏమీ రాలేదు. వేలికి మాత్రం నాలుక మీద ఏదో గరుకుగా తగిలింది. అద్దంలో చూశాను.

చిన్న చేప పొలుసు.

గోటితో పట్టుకుని లాగాను. ఊడలేదు... నొప్పెట్టింది.