లోపల మనుషులున్నారా?

పంజాగుట్టలో, నగల షాపుల వెనక సందులో, ఒక ఐదంతస్తుల బిల్డింగ్ ఉంది. కంపెనీ పేరు చెప్పను, వాళ్లతో నాకెందుకు గొడవ. ఆ బిల్డింగ్ సెల్లార్‌లో ఒక మిషన్ రూమ్ ఉంది, కంపెనీ పెద్ద కంప్యూటర్ ఉండే గది. దానికి మంచి పేరు లేదు.

రాత్రి రెండు దాటాక ఆ గది తలుపును లోపలి నుంచి ఎవరో బాదుతారట. తట్టడం కాదు... రెండు పిడికిళ్లతో, ఎముకలు విరిగేలా బాదడం. వాచ్‌మన్ హనుమాండ్లు ఒక రాత్రి ఆ చప్పుడు విని, చెప్పులు అక్కడే వదిలేసి ఖైరతాబాద్ దాకా పరిగెత్తాడు. మర్నాడు చెప్పుల కోసం కూడా రాలేదు.

నేను అమీర్‌పేటలో ఇరవై రెండేళ్లుగా మెయిన్‌ఫ్రేమ్ కోర్సు, అంటే అలాంటి బీరువాలంత కంప్యూటర్లు నడిపే చదువు, చెబుతున్నాను. "ఆ పాత డబ్బాలు ఇంకా ఎవరు వాడతారు సార్?" అని అడిగే ప్రతి వెధవకీ ఒకటే జవాబు — నువ్వు ఫోన్‌లో నొక్కే సగం బటన్ల వెనక ఉన్నది ఆ డబ్బానే, నోర్మూసుకుని రాసుకో నాయనా. దెయ్యాలంటే నాకు బొత్తిగా నమ్మకం లేదు. కానీ ఈ సంగతి చెప్పింది నా దగ్గర చదువుకున్న జువేరియా. అది అబద్ధాలాడే పిల్ల కాదు, అదే వచ్చిన చిక్కు.

ఆ గదిలో చచ్చిపోయింది ఆమె తండ్రే. ఖుద్దూస్, నైట్ షిఫ్ట్ ఆపరేటర్. పద్నాలుగేళ్ల కిందటి మాట.

అక్కడ మంటలార్పడానికి నీళ్లు వాడరు. పొగ తగిలితే తలుపు దానంతటదే బిగుసుకుంటుంది, పైపుల్లోంచి గ్యాస్ దిగుతుంది, మంట ఆరిపోతుంది. లోపల మనిషి ఉంటే మనిషీ ఆరిపోతాడు. అందుకని గ్యాస్ వదిలే ముందు కంప్యూటర్ ఒక ప్రశ్న వేస్తుంది. ఇంగ్లీషులోనే అనుకోండి, మన మాటలో చెప్పాలంటే — లోపల మనుషులున్నారా? బయట కన్సోల్ దగ్గర, అంటే డబ్బాను నడిపే తెర ముందు, కూర్చున్న ఆపరేటర్ జవాబు కొట్టాలి. 'ఉన్నారు' అని కొడితే తలుపు తెరుచుకుంటుంది. 'లేరు' అంటే గ్యాస్. ముందు వచ్చిన జవాబే చెల్లుతుంది. నిమిషం దాకా ఎవరూ కొట్టకపోతే, లేరనే లెక్క.

ఆ రాత్రి కన్సోల్ డ్యూటీ తోటి ఆపరేటర్ ముషర్రఫ్‌ది. "నేను చాయ్‌కి పోయిన... వచ్చేసరికి ఖతమైంది" అని నెత్తి బాదుకుని ఏడ్చాడు. అందరూ నమ్మారు, కంప్యూటర్ చిట్టా ఎవరూ తీసి చూడలేదు.

శవాన్ని బయటికి తీసినప్పుడు ఖుద్దూస్ రెండు చేతుల వేళ్లూ నుజ్జయి ఉన్నాయి. తలుపు రేకుకు లోపలివైపు పిడికిలంత సొట్టలు. చేతులు పనిచేయడం మానేశాక నుదుటితో కొట్టినట్టున్నాడు... తలుపులోని అద్దం మీద నెత్తురు, దానికంటుకుని వెంట్రుకలు. పదేళ్ల జువేరియాకు తండ్రి ముఖం చూపించలేదు. అబ్బా ఎట్లా పోయాడో తెలుసుకోవాలన్న పట్టుదల ఆ పిల్లలో ఆ రోజే పడిందని నా అనుమానం.

ముషర్రఫ్ ఆ కుటుంబాన్ని వదల్లేదు. పండక్కి బట్టలు తెచ్చేవాడు. పిల్లను నా క్లాసులో చేర్పించిందీ ఆయనే, అదే కంపెనీలో ఉద్యోగం వేయించిందీ ఆయనే. ఆమె ఆయన్ను బాబాయిలా చాచా అనేది, ఆయన బేటీ అనేవాడు.

ఈ ఏడాది కంపెనీ ఆ డబ్బాకు కొత్త రూపు ఇవ్వాలనుకుంది. పాత ప్రోగ్రాములు అలాగే ఉంటాయి. కింద కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, పైన వెబ్ సర్వీసులు కడితే, మొబైల్ యాప్ నేరుగా దానితో మాట్లాడుతుంది. ఇక కన్సోల్ ముందు రాత్రంతా మేలుకునే మనిషి అక్కర్లేదు. డబ్బా అడిగే ప్రతి ప్రశ్నకూ సర్వీసే, అంటే ఆ కొత్త ప్రోగ్రామే, ఒక పట్టిక చూసి జవాబిస్తుంది. ఏ ప్రశ్నకు ఏ జవాబు? మా వాళ్లందరూ చేసే పనే జువేరియా చేసింది. పాత లాగ్‌లు, అంటే డబ్బా ప్రతి ప్రశ్ననూ జవాబునూ రాసి పెట్టుకున్న చిట్టాలు, తవ్వి, పోయినసారి ఆపరేటర్ ఏం కొట్టాడో చూసి, ఆ జవాబునే పట్టికలో ఎక్కించసాగింది.

తవ్వుతుంటే... ఆ రాత్రి దొరికింది.

రెండు పదమూడు. లోపల మనుషులున్నారా? జవాబు — లేరు. కొట్టింది ముషర్రఫ్ లాగిన్.

రెండు సెకన్ల తర్వాత ఇంకో జవాబు, గది లోపల ఉండే చిన్న టెర్మినల్ నుంచి. ఉన్నారు. లాగిన్ — ఖుద్దూస్. దాని కింద డబ్బా రాసిన మాట — ముందే జవాబు వచ్చింది, ఇది చెల్లదు.

ఉన్నారు. చెల్లదు. ఉన్నారు. చెల్లదు... అట్లా పదకొండుసార్లు.

"పదకొండుసార్లు బయట తెర మీద పడ్డది సార్," అంది జువేరియా. "చాచా ఎదురుగ కూసొని చూసిండు."

ఆమె ఎవరికీ చెప్పలేదు, తల్లి ఫరీదాకు కూడా. పట్టికలో ఆ ఒక్క ప్రశ్న ముందు ఖాళీ వదిలింది. చాచా అని పిలవడం మాత్రం మానలేదు. ఎట్లా పిలవగలిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొత్త సిస్టమ్ వేయాలంటే డబ్బాను ఆపాలి. పగలు ఆపితే యాప్ పడిపోతుంది. కాబట్టి శనివారం రాత్రి పదకొండు నుంచి తెల్లారి ఐదు దాకా టైమిచ్చారు. కన్సోల్ దగ్గర జువేరియా కూర్చుంది. లోపలి పాత వైర్లు తెలిసినవాడు ముషర్రఫ్ ఒక్కడే, ఆయన గదిలోకి వెళ్లాడు.

రెండు దాటింది. డబ్బా మెల్లగా స్టార్టవుతోంది...

ఠప్‌మని లోపల కరెంటు పెట్టె పేలింది. పొగ. తలుపు ధన్‌మని బిగుసుకుంది. తెర మీద — లోపల మనుషులున్నారా?

ముషర్రఫ్ అద్దం దగ్గరికి ఉరికొచ్చాడు. ఇంటర్‌కమ్‌లో గొంతు సన్నగా వినిపించింది.

"బేటీ... కొట్టు. జల్ది."

ఆమె కదల్లేదు.

"బేటీ!"

"చాయ్‌కి పోయినవా చాచా... ఆ రాత్రి?" అంది ఆమె, గుసగుసగా.

ఆయన ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. తర్వాత మనిషి మనిషిలా లేడు. ఇనుప స్టాండ్ పెరికి అద్దాన్ని మోదాడు. తీగ వల పోసిన అద్దం, చిట్లింది గానీ పగల్లేదు. స్టాండ్ వంగిపోతే పిడికిళ్లు... పిడికిళ్లు చీలిపోతే మోచేతులు... ముక్కు పగిలి నోట్లోకి కారుతుంటే అరుస్తూనే ఉన్నాడు. "తప్పు టేపు మీద రాసి కంపెనీ రికార్డులన్నీ తుడిచేసిన! పైకి చెప్తనన్నడు మీ అబ్బా! లోపలికి నూకి, పొగ పెట్టి... నౌకరీ పోతదని... మాఫ్ కర్ బేటీ, దర్వాజా ఖోల్!"

"నేను చూస్తనే ఉన్న సార్," అంది జువేరియా నాతో. "మంచిగనిపించింది. ఇంకా గట్టిగ కొట్టు అనుకున్న."

నిమిషంలో ఇరవై సెకన్లు మిగిలాయి. ఊరికే కూర్చున్నా గ్యాస్ వచ్చేది. కానీ అట్లా వదిలేస్తే చంపింది మిషన్ అవుతుంది. తన చేత్తోనే కావాలనిపించింది ఆమెకు. 'లేరు' అని టైపు చేసింది. ఆయన కళ్లలోకి చూస్తూ ఎంటర్ నొక్కింది.

తెర మీద — ముందే జవాబు వచ్చింది, ఇది చెల్లదు.

తలుపు తెరుచుకుంది.

ముషర్రఫ్ నెత్తుటి ముద్దలా బయటికి పడ్డాడు. ఆమె వైపు చూడనే లేదు. వెనక్కి, ఖాళీ గదిలోకి చూస్తూ, పాకుతూ, విరిగిన చేతులు అడ్డం పెట్టుకుంటూ ఒకటే కేక. "ఛోడ్ దే ఖుద్దూస్! వదిలిపెట్టు!" తెల్లారేసరికి పోలీసుల ముందు అంతా తానే చెప్పేశాడు.

ఆమె లాగ్ తెరిచి చూసింది. తన జవాబు కంటే ఒక్క సెకను ముందు, గది లోపలి టెర్మినల్ నుంచి — ఉన్నారు. లాగిన్, ఖుద్దూస్.

ఇదంతా ఆమె నా క్లాసుకొచ్చి చెబితే నేను ఊరుకుంటానా, ఇరవై రెండేళ్ల పంతులును. "పిచ్చిపిల్లా, అది నీ సర్వీసే. పాత లాగ్‌లోంచి మీ నాన్నగారి జవాబు ఎత్తుకుని ఉంటుంది" అన్నాను.

"ఆ ప్రశ్నకు ఖాళీ పెట్టిన సార్. సర్వీసు ఇంక స్టార్టే కాలే. లోపలి టెర్మినల్ తుక్కులకు పోయి పదేండ్లయింది. కొత్త సిస్టమ్‌ల అబ్బా లాగిన్ సుత లేదు."

నాకు ఒళ్లు జలదరించింది, దాచుకోవడం దేనికి.

"భయపడకమ్మా. మీ నాన్నే కదా," అన్నాను చివరికి.

"అబ్బా అంటే నాకేం భయం సార్? ఆయన ఆపిండు... కానీ నేను నొక్కిన కద. ఈ వేలు నొక్కేసింది కద."

ఆ పూట క్లాసు మానేసి, ఆమెను బండి మీద ఇంటి దాకా దిగబెట్టాను. దారి పొడవునా ఆ పిల్ల తన కుడిచేతిని దుపట్టాలో చుట్టి, ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంది.