పలకని పాటల పెట్టె

ఇడ్లీ గిన్నె ఇంకా పొయ్యి మీద ఉండగానే సన్యాసమ్మ కోడలి దగ్గరకు వచ్చింది. చేతిలో కొడుకు కొనిచ్చిన చిన్న పాటల ప్లేయరు.

"సత్యా, ఇదేటమ్మీ, పన్నెండు పాటలని సూపెడతాది, ఒక్కటీ పాడదు. రేపు మీ మావ సంవత్సరీకం. ఆ గొంతు ఒక్కపాలి ఇనాలని ఉంది."

"బటన్ గట్టిగా నొక్కు అత్తా" అంది సత్యశ్రీ, చట్నీలో పోపు వేస్తూ.

ఎంత నొక్కినా అది పాడదని ఆమెకు తెలుసు. మామ సింహాద్రి తప్పెట కొడుతూ పాడిన తప్పెటగుళ్ళ పాటలు కంప్యూటర్లో వేరే రకం ఫైళ్ళుగా ఉన్నాయి. ఎంపీత్రీలుగా మారిస్తేనే ఈ ప్లేయరు పాడుతుంది. పది నిమిషాల పని. కావాలనే ఉన్నవి ఉన్నట్టు ఎక్కించింది. పోయిన వేసవిలో ఆనందపురం నుంచి నాన్న ఫోన్ చేస్తే, ప్లాంటులో రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న తనను ఈ అత్త లేపలేదు. సాయంత్రానికి ఆయన లేడు. నా తండ్రి గొంతు నాకు దక్కనివ్వనిదానికి మొగుడి గొంతు ఎందుకు దక్కాలి? అలా అనుకుంటే కడుపు చల్లబడ్డట్టయింది సత్యశ్రీకి.

ముసలమ్మ మధ్యాహ్నం దాకా నొక్కుతూనే ఉంది. చెంగుతో తుడిచింది, ఎండలో పెట్టింది, ఆఖరికి పసుపు బొట్టు కూడా పెట్టింది. సత్యశ్రీ ఓరకంట చూసి నవ్వుకుంది.

మూడింటికి టీ ఇవ్వబోతే సన్యాసమ్మ అందుకోలేదు. ప్లేయరు పక్కకు నెట్టేసింది.

"ఇంక ఒగ్గీమ్మీ. ఆ దినం నిన్ను లేపలేదు గదా, ఆ పాపమే నాకు అడ్డు తగిలింది."

సత్యశ్రీ గ్లాసు కింద పెట్టేసింది. "పాపం కాదత్తా, నానే సేసాను. పాడవని తెలిసే ఎక్కించాను. నువ్వూ ఇనకూడదనుకున్నాను."

ముసలమ్మ కోడలి వైపు తిరిగింది.

"'బుల్లెమ్మ రాత్రంతా పని సేసుంటాది, లేపకు సెల్లెమ్మా, సాయంత్రం మల్లీ ఫోన్ సేత్తాను' అన్నాడు మీ నాన్న. ఆ మాట సెప్తే తప్పించుకోడానికి అల్లీననుకుంటావని నోరు మూసుకున్నాను. అయినా నాను లేపాల్సింది."

బుల్లెమ్మ అని పిలిచేది నాన్న ఒక్కడే. అత్తింట్లో ఆ పేరు తను ఎవరికీ చెప్పలేదు. అత్త అల్లిన మాట కాదది. సత్యశ్రీ కంప్యూటరు ముందు కూలబడింది. కన్నీళ్ళలో ఫైళ్ళ పేర్లు కనపడక, తుడుచుకుంటూ ఒక్కో పాటా మార్చసాగింది.

"ఏటన్నాడత్తా? మల్లీ సెప్పు."

సన్యాసమ్మ స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. పన్నెండు పాటలూ మారేదాకా ఆ ఒక్క మాటే చెబుతూ ఉండిపోయింది.