మైనస్ ఐదు

ఆదివారం కావడంతో ఆటోనగర్‌లో సుత్తుల మోత లేదు. చర్చి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ డయానా, ఆమె అన్న ఫిలిప్ ఒక షెడ్డు ముందు నిలబెట్టిన మోటార్‌హోమ్‌ను కడుగుతున్నారు. మర్నాడు పొద్దున్నే హనుమాన్ జంక్షన్ నుంచి వెంకటకృష్ణారావు అనే ఆయన బండి కొనడానికి వస్తున్నాడు. అన్నాచెల్లెళ్లు కలిసి పనిచేస్తున్నారన్న మాటే గానీ, బకెట్టు ఇటివ్వు, గుడ్డ అటివ్వు అనడం తప్ప వాళ్ల మధ్య మాటలు లేవు.

ఆ బండి వాళ్లమ్మ సంపూర్ణమ్మ కోసం తీసుకున్నది. ఆవిడ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా ఫుస్స్ మనే ఆక్సిజన్ మెషీన్ గొట్టం ముక్కుకు లేనిదే పూట గడవదు. అయినా చర్చివాళ్లు మే నెలలో పెట్టే ఉజ్జీవ సభలకు వెళ్లి తీరాలని పట్టుబట్టింది. మంచం, కప్పు మీద సోలార్ ప్యానెళ్లు, మంచం కింద బ్యాటరీ ఉన్న ఈ బండిలో ఫిలిప్ ఆవిణ్ణి తీసుకెళ్లాడు.

బండిలో చిన్న మీటరు ఉంది. పై అంకె ప్యానెళ్ల నుంచి ఎంత కరెంటు వస్తోందో చెబుతుంది. కింది అంకె బ్యాటరీది. ప్లస్ అయితే నిండుతున్నట్టు, మైనస్ అయితే ఖాళీ అవుతున్నట్టు. బండి అమ్మినవాడు ఫిలిప్‌కి ఒక్క ముక్కే చెప్పాడు: "పై అంకె పడిపోయిందంటే బ్యాటరీ నిండినట్టేనండి. కడుపు నిండితే ఎవరైనా విస్తరి ముందు నుంచి లేస్తారు కదా."

ఎండలో ఉన్న బండికి ఆ మాట నిజమే. కానీ ఈ ప్రాంతంలో, మే నెలలో, జబ్బు మనిషి పడుకున్న బండిని ఎండలో పెట్టే కొడుకు ఎక్కడైనా ఉంటాడా? మామిడితోటలో దట్టమైన నీడ వెతికి మరీ పెట్టాడు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. పై అంకె సున్నాకి పడిపోయింది. కింద మైనస్ ఐదు ఉంది. అంత కరెంటూ మెషీన్ తాగుతోంది. ఆ కింది అంకె వంక ఫిలిప్ చూడలేదు. "బ్యాటరీ ఫుల్లమ్మా" అని చెప్పి భోజనాల పందిట్లోకి వెళ్లాడు. ఆగిపోయే ముందు మెషీన్ కీచుమని అరిచే ఉంటుంది. మైకుల్లో పాటలు హోరెత్తుతుంటే ఎవరికి వినిపిస్తుంది?

ఆ రోజు డయానా బెంజ్ సర్కిల్‌లో తన ఆఫీసులో ఉంది. సెలవు పెట్టలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు, ఆమె అసలే ఎత్తదు. అమ్మ పోయాక పనిగట్టుకుని ఆ మీటరు చదవడం మాత్రం నేర్చుకుంది. పనికొచ్చే విద్య అని కాదు, అన్నను నిలదీయడానికి.

బండి కడగడం అయ్యేసరికి పొద్దు వాలింది. ఫిలిప్ లైట్లు, ఫ్యాను, ఫ్రిజ్ అన్నీ కట్టేశాడు. తలుపు దాకా వెళ్లిన డయానా, అలవాటుగా మీటరు చూసి ఆగింది. పైన సున్నా. చీకటి పడుతోంది, అది సరే. కింద మైనస్ ఐదు.

"ఏదో కట్టెయ్యడం మర్చిపోయావు."

"అన్నీ కట్టేశాగా."

"మరి ఎవరు తాగుతున్నారు?"

ఫిలిప్ విసుక్కుంటూ ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకాడు. అన్నీ పీకేశాక కూడా అంకె కదల్లేదు. అమ్మ వాడిన మెషీన్‌ను చర్చివాళ్లకు ఇచ్చేసి చాలా కాలమైంది. బండిలో కరెంటు తాగే వస్తువన్నది లేదు.

అప్పుడు వినిపించింది. ఫుస్స్... కాసేపు ఏమీ లేదు... ఫుస్స్. కడిగిన నేల ఫినాయిలు వాసన మీదుగా అమ్మ రాసుకునే నీలగిరి తైలం వాసన వచ్చింది. దాంతో పాటు వేడెక్కిన ప్లాస్టిక్ గొట్టం వాసన. మంచం మీద పరుపు మధ్యలో కొద్దిగా కుంగి ఉంది.

ఫిలిప్ ముఖం పాలిపోయింది. మెట్టు పక్కన బ్యాటరీ మొత్తాన్ని ఆపేసే ఎర్ర నాబ్ ఉంటుంది. దాన్ని తిప్పాడు. మీటరు ఆరిపోయింది.

ఈసారి ఫుస్స్ మన్న చప్పుడు రాలేదు. దాని బదులు గొంతులో గాలి ఇరుక్కున్న గురక. పరుపు మీది దుప్పటి అంచు మెల్లగా ముడతపడింది... ఎవరో గుప్పిట బిగించారు... ఇంకా బిగిస్తున్నారు...

ఫిలిప్ నాబ్ వెనక్కి తిప్పేశాడు. మైనస్ ఐదు. ఫుస్స్.

"అమ్మే" అన్నాడు గొణుగుతూ. "డయానా, అమ్మే."

ఆమెకు భయం వేయాలి. వేసింది కూడా. కానీ నెలల తరబడి కడుపులో ఉడుకుతున్న కోపం ముందు ఆ భయం ఎంత?

"ఆ రోజు గంటసేపు దగ్గర కూర్చోలేకపోయావు" అంది పళ్ల బిగువున. "ఇప్పుడు కూర్చో. తెల్లారేదాకా కూర్చో."

ఎదురు చెబుతాడనుకుంది. ఫిలిప్ తలూపి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె తలుపు దగ్గరగా వేసి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. దారి పొడవునా ఆమెకు ఎంతో తృప్తిగా అనిపించింది.

తెలతెలవారుతుండగా తిరిగి వచ్చింది. ఇంకా ఎండ రాలేదు. తలుపు తీస్తూనే మీటరు చూసింది. పైన సున్నా. కింద ఐదు కాదు. మైనస్ పది.

ఫిలిప్ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. ముక్కు దగ్గర్నుంచి చెవుల దాకా, రెండు బుగ్గల మీదా, గొట్టం ఒత్తుకున్న గీతలు. ఫుస్స్ మన్నప్పుడల్లా అతని ఛాతీ లేస్తోంది. అది ఆగిన వెంటనే, అతని పక్కన ఖాళీగా ఉన్న పరుపు మీద నుంచి ఇంకో ఫుస్స్.

"అన్నయ్యా... లేరా... నేను ఊరికే అన్నాన్రా..."

కుదిపింది. లేవలేదు.

బయట కారు ఆగిన చప్పుడైంది. చెప్పులు నేల మీద ఈడ్చుకుంటూ ఎవరో వచ్చారు. "నేనమ్మా, వెంకటకృష్ణారావుని. పొద్దున్నే వచ్చేశాను, ఏమనుకోకండి" అంది మెట్టు దగ్గర్నుంచి ఓ పెద్దమనిషి గొంతు. "మెయిన్ స్విచ్చి ఇదేనా? ఒకసారి ఆపి, మళ్లీ వేసి చూస్తానండి."

వద్దనాలి. డయానా నోరు తెరిచేలోపే నాబ్ తిరిగింది. మీటరు ఆరిపోయింది. దుప్పటి రెండు పక్కలా ముడతపడింది. ఒక పక్క ఫిలిప్ వేళ్లు. రెండో పక్క ఏమీ లేదు.

"బాగానే ఉందండి, వేసేస్తున్నాను" అన్నాడాయన.

మీటరు వెలిగింది. మైనస్ ఐదు.

ఒక్క ఊపిరే వినిపిస్తోంది. మంచం మీద ఛాతీ లేచింది, దిగింది. డయానా ఏడుస్తూ అన్న చెయ్యి పట్టుకుంది. అతను కళ్లు తెరిచి, ఆమెను ఆప్యాయంగా చూసి, తలుపు వైపు చూశాడు.

"ఫిలిప్ ఏడే? భోజనానికి వెళ్లినవాడు ఇంకా రాలేదా?" అని అడిగాడు.