లేకుంటే యంత్రం

ఎర్రమెట్ట భోజనశాలలో పొద్దున్నే నాచుపిండి అట్లు వేస్తారు. అవి ఆకుపచ్చగా, కాస్త ఉప్పగా ఉంటాయి. అంగారకుడి మీద పుట్టిన పిల్లలు అట్టంటే ఇలాగే ఉంటుందనుకుంటారు. ఆ రోజు పైడిరాజు తన అట్టు ముట్టుకోలేదు. పళ్లెం పక్కకి నెట్టి, బల్ల మీద పద్నాలుగు చీటీలు పరిచి, వాటివైపు దొంగని పట్టుకున్న పోలీసులా చూస్తూ కూర్చున్నాడు.

పైడిరాజుకి యాభై మూడేళ్లు. వెల్డర్ల సంఘానికి కార్యదర్శి. విజయనగరం పక్కనించి పదహారేళ్ల కిందట అయిదో ఓడలో వచ్చాడు. మొదటి నాలుగేళ్లు బారకాసులో, అంటే ఒకే హాల్లో ఎనభై మంది పడకల మీద పడకలేసుకుని నిద్రపోయే చోట ఉన్నాడు. తర్వాత కూలి పెరిగి, భార్యకీ తనకీ రెండు గదుల ఇల్లొచ్చింది. ఎర్రమెట్ట చట్టం ప్రకారం గంటకి ముప్పై రూకలకి తక్కువ సంపాదించేవాళ్లకి సొంత ఇల్లు ఉండదు. నాలుగేళ్ల కిందట వెల్డరు కూలి గంటకి నలభై. ఎనిమిదో ఓడలో తొంభై మంది వెల్డర్లు దిగారు. ఇప్పుడది ముప్పై ఒకటి.

నాలుగేళ్లకో ఓడ చొప్పున భూమి నుంచి జనం వస్తూనే ఉన్నారు. ఇప్పుడు తొమ్మిదో ఓడ ఆరువందల పన్నెండు మందితో నెత్తిమీద కక్ష్యలో తిరుగుతోంది. దిగడానికి అనుమతి ఇవ్వాలా వద్దా అని ఏడుగురు సభ్యుల మండలి పదకొండు రోజులుగా వాదించుకుంటోంది. ముగ్గురు ఇవ్వాలన్నారు, ముగ్గురు వద్దన్నారు. ఏడో ఓటు కార్మిక సంఘాల తరఫున పైడిరాజుది. రెండు గ్రహాలూ తిరుగు ప్రయాణానికి అనుకూలంగా ఉండేది ఇంకొక్క రోజే. ఆ తర్వాత ఓడ తిరిగి వెళ్లలేదు, పైన ఎక్కువ రోజులు బతకనూ లేదు. ఓటు రేపు పొద్దున.

వద్దనడానికి పైడిరాజు ఎప్పుడో సిద్ధపడ్డాడు. ఇంకో రెండు రూకలు తగ్గితే బారకాసే గతి. ఆ వయసులో మళ్లీ ఆ పడక ఎక్కడమంటే అతనికి నిజంగానే భయం. కానీ ఆ యంత్రం అడ్డొచ్చింది.

దాని అసలు పేరు వ్యతిరేక గణన యంత్రం. ఊరు పుట్టినప్పటినుంచీ జరిగిన ప్రతి నియామకం, ప్రతి జీతం, ప్రతి కొనుగోలు, వేసిన ప్రతి అతుకు దాని జ్ఞాపకంలో ఉన్నాయి. వాటితో అది ఊరికి ఒక నకలు తయారుచేస్తుంది. ఫలానా వాళ్లు ఈ ఊరికి రాలేదనుకో అని చెబితే, ఆ నకల్లోంచి వాళ్లని తీసేసి, మొత్తం చరిత్రని మొదట్నించీ మళ్లీ నడిపించి, చివరికి ఊరు ఎలా ఉండేదో, నీ కూలి ఎంత ఉండేదో లెక్కగట్టి చెబుతుంది. దీన్ని ప్రతికల్పన అంటారు, శాస్త్రవేత్తలు కౌంటర్‌ఫ్యాక్చువల్ సిమ్యులేషన్ అంటారు. జనానికి ఇన్ని పేర్లతో పనిలేదు. లేకుంటే యంత్రం అన్నారు, అదే నిలిచిపోయింది. ఓటుకి ముందు అందరికీ నిజం తెలియాలని మండలి దాన్ని సంతలో పెట్టించింది. మనిషికో ప్రశ్న. వెళ్లి నిలబడితే అది నాలుగైదు వివరాలడిగి, జవాబున్న చీటీ చేతిలో పెడుతుంది.

పైడిరాజుతో కలిపి పద్నాలుగు మంది వెల్డర్ల చీటీలవి. అందరూ ఒకటే అడిగారు: బయటివాళ్లు లేకుంటే నా కూలి ఎంత? అందరిదీ ఒకే పని, ఒకే కూలి. జవాబులు మాత్రం మూడు రకాలు. కొన్ని చీటీల్లో ముప్పై అయిదు, కొన్నిట్లో ముప్పై ఒకటి. పైడిరాజు చీటీలో అయితే ఇరవై ఆరు. బయటివాళ్లు రాకపోయి ఉంటే అతనికి ఇంకా తక్కువ వచ్చేదట.

"ఇరవయ్యారేటి, నా మొగం," అన్నాడు పైడిరాజు పైకే.

యంత్రం తయారుచేసిన డాక్టర్ మహజబీన్ తమ్ముడు తొమ్మిదో ఓడలో ఉన్నాడని ఊళ్లో గుసగుస. అది వినగానే పైడిరాజుకి అంతా అర్థమైపోయినట్టనిపించింది. చీటీలన్నీ జేబులో కుక్కుకుని ఆమె ప్రయోగశాలకి బయలుదేరాడు.

ఆమె సన్నగా, నలభై దాటిన మనిషి. కర్నూలు నుంచి ఆరో ఓడలో వచ్చింది. అతన్ని చూసి కుర్చీ లాగింది. అతను కూర్చోలేదు.

"డాక్టరమ్మా, మీ తమ్ముడు పైన ఓడలో ఉన్నాడంట, నిజవేనా?"

"ఉన్నాడన్నా. భార్యా, ఇద్దరు పిల్లలూ కూడా."

అడగ్గానే ఒప్పుకోవడం చూసి అతని అనుమానం ఇంకా పెరిగింది. దాచాల్సిన అవసరం లేనంత గట్టిగా ఏదో చేసి పెట్టుకుందనుకున్నాడు. చీటీలు బల్ల మీద పడేశాడు.

"ఒకే ప్రశ్నకి మూడు జవాబులు. ఎవుడికి ఏది సెబితే పడిపోతాడో సూసి ఆ లెక్క సెబుతోంది మీ యంత్రం. నానేటి సదువుకోలేదు గానీ, అతుకు సూస్తే లోపల గాలి బుడగ ఉందో లేదో సెప్పగలను. ఇందులో ఉంది."

ఆమెకి కోపం వచ్చింది. అయినా గొంతు పెంచలేదు. "తెర ముందుకి రాన్నా. యంత్రం తీసుకున్న ప్రశ్నలన్నీ చూపిస్తాను. పేర్లు ఉండవు. ఎవరు ఏ ఓడలో వచ్చారు, ఏం పని చేస్తారు, ఏం అడిగారు, అంతే. మోసం ఎక్కడుందో నువ్వే పట్టుకో."

నాలుగు వేల పైచిలుకు ప్రశ్నలు. పైడిరాజు కళ్లద్దాలు సవరించుకుని మొదలుపెట్టాడు. పట్టుదల వచ్చిందంటే అతను అన్నం కూడా మర్చిపోతాడు. గంటన్నర చూశాడు. దొంగతనం ఏదీ కనపడలేదు. కనపడకపోయేసరికి ఇంకా జాగ్రత్తగా చూశాడు. అప్పుడు ఒక వరుస చివరున్న అంకె మీద వేలు ఆగింది.

"ఈ నంబరేటి?"

"అది నీకూ అడిగింది కదన్నా. బయటివాళ్లంటే ఏ ఓడ నుంచి వచ్చినవాళ్లు అని. ఎవరిని తీసేయాలో తెలియకుండా అదెట్లా లెక్క కడుతుంది?"

అడిగిందా? అడిగింది. అతనికి లీలగా గుర్తొచ్చింది. వయసెంత, పనేంటి అని అడిగే నాలుగైదు ప్రశ్నల మధ్య అదీ అడిగింది. అతను ఆలోచించకుండా ఆరు నొక్కాడు. అందులో ఆలోచించేదేముంది, బయటివాళ్లంటే ఆరో ఓడ నుంచి వచ్చినవాళ్లే కదా. అందరూ అదే నొక్కి ఉంటారనుకున్నాడు. అసలు అనుకోను కూడా లేదు.

అందరూ అదే నొక్కలేదు. ఏడో ఓడ వాళ్లు ఎనిమిది నొక్కారు. ఎనిమిదో ఓడ వాళ్లు, వచ్చి నాలుగేళ్లే అయింది, తొమ్మిది నొక్కారు. రెండో ఓడ వాళ్లు మూడు నొక్కారు. తెర పైకీ కిందకీ ఎంత జరిపినా అదే వరుస. ప్రతి ఒక్కరూ తమ వెనకాలే తలుపేశారు.

మహజబీన్ లెక్క విప్పి చెప్పింది. ఎనిమిదో ఓడ నుంచి తీసేస్తే వెల్డర్లు తగ్గుతారు, కూలి ముప్పై అయిదు. నలభై నుంచి పడ్డ మిగతా అయిదూ ఎనిమిదో ఓడ వల్ల కాదు, గాలి నిలిపి ఊరిని కప్పే రెండో గుమ్మటం పని పూర్తయిపోవడం వల్ల. ఆరో ఓడ నుంచే తీసేస్తే ఆ రెండో గుమ్మటం కట్టే అవసరమే ఉండేది కాదు, కాబట్టి ఇరవై ఆరు. తొమ్మిదో ఓడ ఇంకా దిగనే లేదు, తీసినా తియ్యకపోయినా ముప్పై ఒకటే. మూడూ నిజాలే.

"మరి ఇప్పుడీ ఓడ దిగితే?"

"తగ్గుతుంది. నా అంచనా ప్రకారం రెండేళ్ల పాటు ఇరవై ఎనిమిదో తొమ్మిదో. ఎక్కువ దెబ్బ ఎనిమిదో ఓడ వాళ్లకి, వాళ్ల పనీ కొత్తవాళ్ల పనీ ఒకటే కాబట్టి. మూడో గుమ్మటం మొదలుపెడితే మళ్లీ లేస్తుంది. మొదలుపెడతారా లేదా అన్నది నా యంత్రానికి తెలియదు. అది జరిగింది చూస్తుంది, జరగబోయేది కాదు. మండలిలో కూర్చునేది నువ్వు కదన్నా."

తమ్ముడి కోసం అబద్ధం చెప్పాలనుకున్న మనిషి ఇరవై ఎనిమిది అని ఎందుకు చెబుతుంది? పైడిరాజు అనుమానానికి కాలు విరిగింది, కానీ అది కుంటుతూనే ఇంకో అడుగేసింది.

"మరి తమరేటి అడిగేరు డాక్టరమ్మా?"

ఆమె తెర జరిపింది. ఒక వరుస మీద వేలు పెట్టింది. ఆరో ఓడ, గణిత శాస్త్రవేత్త. ఏడు.

"పరీక్ష కోసం అడిగాను," అంది.

"పరీక్షకైతే ఏ నంబరైనా ఒకటే కదమ్మా. ఏడే ఎందుకు?"

ఆమె మొహం ఎర్రబడింది. "ఇప్పటిదాకా నన్ను నేనే అడగలేదన్నా," అంది మెల్లగా.

అతనికి ఆమె మీద మొదటిసారి జాలేసింది. ఆ జాలితోనే తెర కిందకి జరుపుతుంటే ఇంకో వరుస కనపడింది. మూడో ఓడ, వెల్డరు. నాలుగు.

మూడో ఓడ వెల్డర్లలో ఎర్రమెట్టలో మిగిలింది ఒక్క సింహాచలమే. ఇప్పుడు మండలి అధ్యక్షుడు. పైడిరాజు ఓడ దిగిన రోజున నెలల తరబడి బరువు తెలియని కాళ్లు తడబడుతుంటే, చంక కింద చెయ్యేసి బారకాసు దాకా నడిపించింది ఆయనే. తన సొంత వెల్డింగు టార్చి చేతికిచ్చి, ఈ చలికి లోహం ఎలా పగులుతుందో, ఎలా అతకాలో నేర్పింది ఆయనే. పదహారేళ్లుగా గురువుగారూ అని పిలుస్తున్నాడు. ఆ గురువుగారు సంతలో వరుసలో నిలబడి, పైడిరాజు ఈ ఊరికి రాకపోయి ఉంటే తనకెంత వచ్చేదని అడిగాడు. యంత్రం అరవై అని చెప్పింది. మనుషులు తక్కువ కాబట్టి పీల్చే గాలికి కట్టే పన్నుకే అందులో నలభై పోతుందని కూడా చెప్పింది.

పైడిరాజుకి బాధ కలిగింది, బాధ వెంటే సిగ్గూ కలిగింది. తను ఆరు నొక్కినప్పుడు ఈ డాక్టరమ్మని తీసేశాడు. ఆమె లేకపోతే ఈ యంత్రమే లేదు. ఆ సంగతి అప్పుడు తట్టనే లేదు.

చివరి పేజీలో రెండు వందల పైన వరుసలున్నాయి. వాటి పక్కన ఏ పనీ రాసి లేదు.

"వీళ్లెవరు?"

"పైన ఓడలో వాళ్లన్నా. కాలక్షేపానికని మండలి ఊరి నెట్‌వర్కు ఇచ్చింది కదా. వాళ్లూ అడిగారు."

పైడిరాజు ఆ పేజీ రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మూడోసారి చదివాడు. "దీనికి నకలు తీసివ్వండి," అన్నాడు.

మర్నాడు మండలి సభలో వాదన పాతదే. వచ్చినవాళ్ల వల్ల పని పెరుగుతుందని ముగ్గురు, కూలి పడిపోతుందని ముగ్గురు. సింహాచలం వద్దన్నవాళ్లలో ఒకడు. ఎనభై దగ్గర పడ్డ మనిషి, వినడానికి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"పైడిరాజూ, నీ మాటేటో సెప్పు."

"రెండేళ్లు కూలి పడతాది గురువుగారూ. అది నిజం. నా ఇల్లు పోయినా పోద్ది. అందుకని ముందు మూడో గుమ్మటం మొదలెడతామని కాయితం మీద సంతకం కావాలి. అది పెడితే దిగనివ్వమనే నా ఓటు."

సభలో గుసగుసలు లేచాయి. సింహాచలం తల అడ్డంగా ఊపాడు. "కూలి సంగతి కాదురా నా బెంగ. కష్టపడి కట్టుకున్న ఊరు. వాళ్లెవరో, ఏటో. మనలో కలుస్తారా? మనలాగ ఆలోచిస్తారా? ఆ నమ్మకం నాకు లేదు."

పైడిరాజు జేబులోంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టాడు.

"కలిసిపోనారు గురువుగారూ. ఇంకా కాలు కింద పెట్టనేదు. పదో ఓడని ఆపితే తమ కూలి ఎంతవుద్దో అని రెండొందల పద్నాలుగు మంది అప్పుడే అడిగీసినారు. ఆ పదో ఓడ భూమ్మీద ఇంకా తయారవనే నేదు. ఇంతకంటే మనవాళ్లు ఎక్కడ దొరుకుతారండీ మనకి?"

ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరూ తాము నొక్కిన నంబరు తలుచుకుంటున్నట్టుంది. సింహాచలం ఆ కాగితం చాలాసేపు చూశాడు. తలెత్తకుండానే అడిగాడు.

"నాను అడిగింది కూడా సూసినావా?"

"సూసినాను."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. మరి నాను ఆరు కొట్టి ఉన్నాను కదండీ. ఆ కోపం ఎక్కువసేపు నిలబళ్లేదు."

మూడో గుమ్మటం కాగితం మీద అప్పుడే సంతకాలయ్యాయి. ఓడ దిగాలన్న తీర్మానానికి అయిదు చేతులు లేచాయి. అయిదోది సింహాచలానిది. వెనక వరుసలో కూర్చున్న మహజబీన్ కొంగుతో కళ్లొత్తుకుంది. ఆరువందల పన్నెండు మందికీ కబురు వెళ్లిపోయింది.

అందరూ లేవబోతుండగా ఒక సభ్యుడు, ఎటూ కూర్చున్నాం కాబట్టి పదో ఓడ సంగతి కూడా ఇప్పుడే తేల్చేస్తే మళ్లీ ఈ గొడవ ఉండదు కదా, ఇక చాలని భూమికి రాసేద్దాం అన్నాడు. మాట సబబుగానే ఉందనిపించింది అందరికీ. వాదన లేకుండా ఏడు చేతులూ లేచాయి. ఏడోది తనదేనని పైడిరాజు కాస్త ఆలస్యంగా గమనించాడు.