భర్త సంతకం

మాచర్లలో మే నెల వచ్చిందంటే మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత రోడ్డు మీద మనిషి కనపడడు. షాపులు సగం షట్టరు దించుకుంటాయి. కుక్కలు కూడా కాలవల్లో దూరి పడుకుంటాయి. మా ఆసుపత్రిలో ఆ వేళకి డాక్టర్ మేడం భోంచేసి పైగదిలో నడుం వాలుస్తారు. ఆయమ్మ ఇంటికి పోతుంది. కింద హాల్లో ఫినాయిలు వాసన, వేడెక్కిన బెంచీల వాసన, నేను. అంతే.

నా పేరు వాసంతి. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ నర్సుని. ఇంట్లో ఎదురుచూసే మనిషి లేడు కాబట్టి మధ్యాహ్నం డ్యూటీ అందరూ నాకే అంటగడతారు. నాకు నోటి దురుసు ఎక్కువని కూడా అంటారు. కాదనను.

ఆ రోజు పన్నెండున్నరకి ఉజ్మా అనే అమ్మాయి వచ్చింది. ఇరవై మూడేళ్ళు. రెంటచింతల అవతల ఊరు. పది నెలల పిల్లని పక్కింట్లో వదిలిపెట్టి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. మళ్ళీ రెండో నెల. పోయిన కాన్పులో ఫిట్స్ వచ్చి చావు తప్పి బయటపడింది. మూడేళ్ళ దాకా మళ్ళీ కడుపు రాకూడదని అక్కడి డాక్టర్లు చీటీ మీదే రాసిచ్చారు. ఆ చీటీ నాలుగు మడతలు పెట్టి తెచ్చుకుంది.

"తీయించుకుంటానక్కా. ఈసారి నేను బతకను," అంది మెల్లగా.

నేను ఫారం తీశాను. అలవాటుగా అడిగాను. "మీ ఆయనేడి? ఆయన సంతకం కావాల."

"మోయిన్ హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్కక్కా. రేపొస్తాడు. వచ్చినా పెట్టడు. ఏం కాదులే, ఉండనీ అంటన్నాడు."

"అయితే నన్నేం చెయ్యమంటావు? సంతకం లేనిదే మేడం ముట్టుకోరు."

ఆ పిల్ల చీటీ మళ్ళీ నాలుగు మడతలు పెట్టుకుని ఎండలోకి వెళ్ళిపోయింది.

నిజం చెప్పాలంటే మొగుడి సంతకం అక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడదైతే ఆమె సంతకం ఒక్కటే చాలని ట్రైనింగులో చెప్పారు. నాకు తెలుసు, మేడంకీ తెలుసు. కానీ ఎప్పుడో ఒక మొగుడు నలుగురిని వెంటేసుకొచ్చి మా అద్దాలు పగలగొట్టి పోయాడు. అప్పటి నుంచీ ఫారాలు అచ్చేయించేటప్పుడే అడుగున 'భర్త సంతకం' అని ఒక గడి పెట్టించాం. అద్దాలు మాత్రం భద్రంగా ఉన్నాయి.

పోయిన మే నెలలో చందన అనే పిల్ల ఆ గడి దగ్గరే ఆగిపోయింది. దుర్గి దగ్గర పల్లె. ఇద్దరు పిల్లలు, రెండోది ఆపరేషన్ కాన్పు అయి ఏడు నెలలు, అప్పుడే మళ్ళీ కడుపు. మొగుడు లారీ మీద ఎక్కడో ఉన్నాడు. సంతకం కావాలంటే మర్నాడు అత్త చేత వేలిముద్ర వేయించుకొచ్చింది. నేను నవ్వాను. "అత్త వేలిముద్ర దేనికే? కాపరం ఆమెతో చేస్తన్నావా?" అన్నాను. బెంచీల మీద వాళ్ళు కూడా నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు, కాగితం తీసుకుని వెళ్ళిపోయింది.

ఐదో రోజు కబురు తెలిసింది. ఎవరి దగ్గరో మాత్రలు కొనుక్కుని, తలుపేసుకుని మింగిందట. తలుపు పగలగొట్టేసరికి చాప మొత్తం నెత్తురుతో తడిసిపోయి ఉందట, మనిషిలో ప్రాణం లేదట. ఆ గదిలో ఒక్కతే ఎంతసేపు అలా పడి ఉందో ఎవరూ చెప్పలేకపోయారు. ఏడాదిగా నాకు నిద్ర పట్టకుండా చేస్తున్నది ఆ మాటే.

ఉజ్మా వెళ్ళిన కాసేపటికి కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదిగా తిరిగి తిరిగి ఆగింది. ఇన్వర్టరు కాసేపు కీ కీ మని అరిచి అదీ ఆగిపోయింది. వేడికి కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎక్కడా చప్పుడు లేదు.

అప్పుడు వినపడింది. తడి కాళ్ళతో గచ్చు మీద నడుస్తున్న చప్పుడు.

తప్... తప్... తప్...

ఉజ్మా తిరిగొచ్చిందనుకున్నాను. తల ఎత్తలేదు.

"అక్కా... సంతకం తెచ్చా."

"ఇటియ్యి," అని చెయ్యి చాచాను.

నా చేతిలో కాగితం పెట్టింది. అంత ఎండలో కూడా ఆ కాగితం చల్లగా ఉంది. తడిగా ఉంది. ఫినాయిలు వాసన పోయింది. కాన్పుల గదిలో మాత్రమే వచ్చే పచ్చి నెత్తురు వాసన ముక్కుకి తగిలింది.

మా ఫారమే. అడుగున గడిలో సంతకం ఉంది. దాని పక్కన అత్త వేలిముద్ర. దాని కింద మామ సంతకం, మరిది సంతకం. తర్వాత ఎవరెవరివో. తోడికోడలు, వీధిలో వాళ్ళు, వార్డు మెంబరు... అంచుల దాకా సంతకాలే. వెనక్కి తిప్పాను. వెనక కూడా ఖాళీ లేదు.

పైన పేరు చూశాను.

చందన.

 తల ఎత్తాలనిపించలేదు. బల్ల అవతల చీర అంచు మాత్రం కనపడుతోంది. దాని నుంచి చుక్కలు పడుతున్నాయి. ఒక్కొక్కటే...

"మొగుడు పెట్టాడక్కా. అందరూ పెట్టారు. ఇంకెవరిది కావాల?"

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఇంత భయపడేదాన్ని కాదేమో. చానా దూరం నడిచొచ్చిన మనిషిలా అలిసిపోయి అడుగుతోంది.

"యేసయ్యా..." అనుకున్నాను. పెదాలు కదల్లేదు.

"చెప్పక్కా. పోయి తెస్తా."

చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

"నీదే... నీ సంతకం ఒక్కటి చాలమ్మా. ఇంకెవరిదీ అక్కర్లేదు."

 ఇంకో చుక్క గచ్చు మీద పడింది.

"మరి ఆ రోజెందుకు చెప్పలేదక్కా?"

 ఏడుపొచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఫ్యాను కిర్రుమని తిరగడం వినపడి తెరిచాను. చేతిలో కాగితం లేదు. బల్ల అవతల ఎవరూ లేరు. గచ్చు మీద ఎర్రటి చుక్కలు మాత్రం గుమ్మం దాటి, ఉజ్మా వెళ్ళిన వైపే తిరిగాయి.

అప్పుడు నాకు బుద్ధి వచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. సిమెంటు రోడ్డు మీద కాళ్ళు బొబ్బలెక్కాయి. సందు చివర మందుల షాపు షట్టరు సగం దించి ఉంది. దాని ముందు నీడలో ఉజ్మా గొంతుక్కూర్చుని ఉంది, షాపు వాడు భోజనం చేసి ఎప్పుడొస్తాడా అని.

"లెయ్యి," అన్నాను. "నీ సంతకం చాలు. రా."

"నాదేనా?" అంది. "నాది చాలుద్దా అక్కా?"

మేడంని నిద్ర లేపాను. ఆమె విసుక్కున్నారు. "రేపు గొడవైతే నీదే పూచీ," అన్నారు. "నాదే," అన్నాను. ఉజ్మా వంకర టింకరగా, ఒక్కో అక్షరం నొక్కి నొక్కి తన పేరు రాసింది. అడుగు గడి మీద నేను పెన్నుతో అడ్డంగా గీత కొట్టాను. నాలుగింటికల్లా పని అయిపోయింది. బీపీ బాగానే ఉంది. రాత్రికి ఉండమంటే వినలేదు, పిల్ల పాలకి ఏడుస్తదంది. ఆరింటి బస్సుకి బయల్దేరుతుంటే నా ఫోన్ నంబరు రాసిచ్చి, తోడెవరన్నా ఉన్నారా అని అడిగాను. ఉన్నారక్కా అని గుమ్మం వైపు చెయ్యి చూపించింది. నేను ఫైలు సర్దుకుంటూ చూడలేదు.

ఇంటికొచ్చి అన్నం వండుకుంటుంటే ఫోన్ మోగింది. ఉజ్మా. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏందమ్మా? నెత్తురు పోతందా?"

"లేదక్కా. బానే ఉన్నా. మీరు తోడు పంపించిన అక్క గురించి చేశా."

నేను ఎవరినీ పంపలేదు.

"బస్సులో నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుందక్కా. చానా మంచిది. చేతులే మరీ చల్లగా ఉన్నయి. ఇంటి దాకా వచ్చింది. మెట్ల మీద కూచుంది, లోపలికి రమ్మంటే రాదు. అన్నం పెడతానంటే వద్దంది."

"ఉజ్మా... ఆమెని పంపించెయ్యి."

"చెప్పానక్కా. పిల్లలు ఎదురుచూస్తంటారు, పో అన్నా. ఇప్పుడేం తొందర లేదంట. మోయిన్ వచ్చిందాకా ఉంటదంట. ఆయనతో మాట్లాడాలంట."  గొంతు తగ్గించింది. "తెల్లారుజామున బస్సుకి దిగుతాడక్కా ఆయన. ఆమెకి ఆయన పేరు నేను చెప్పలేదు, ఎట్టా తెలిసిందో మరి..."