బొగ్గు నెమరు

మధ్యాహ్నం గంట కొట్టగానే సారక్క అన్నం గిన్నె కూడా తెరవకుండా బడి నుంచి ఇంటికి పరుగెత్తింది. బొగ్గు గని కాలనీలో చివరి వరుసలో ఉంది వాళ్ల క్వార్టర్. పెరట్లో గుంజకు కట్టేసిన మేకపిల్ల పొద్దున ఎలా పడుకుందో అలాగే ఉంది. ముందు వేసిన తుమ్మ కొమ్మకు ఒక్క ఆకు కూడా తెగలేదు.

ఆ మేకపిల్ల పేరు బొగ్గు. ఒళ్లంతా నల్లగా ఉంటుందని సారక్కే ఆ పేరు పెట్టింది. తల్లి మేక ఈనగానే చనిపోతే, సీసాతో పాలు పట్టి తనే పెంచింది. ఆకులు తినడం నేర్చినప్పటి నుంచి బొగ్గు పొద్దంతా నెమరు వేస్తూనే ఉండేది. "దీన్ని బడికి తోలితే నోరు మూసుకొమ్మని రోజూ దెబ్బలే పడుతయి" అని బాపు పోశం నవ్వేవాడు.

ఇప్పుడు ఆ దవడ కదలడం లేదు.

"అవ్వా! బొగ్గు ఏం తింటలేదే!"

తల్లి శంకరవ్వ వచ్చి మేకపిల్ల ఎడమ పక్క తట్టి చూసింది. కడుపు బిగుసుకుపోయి ఉంది.

"నిన్న గూడ గిట్లనే ఉండె. ఏం తిన్నదో ఏమో! నడువు, దవాఖానకు కొంచవోదాం."

 బొగ్గు ఏం తిన్నదో సారక్కకు తెలుసు.

కొన్నాళ్ల కిందట బొగ్గుకు పారుడు పట్టింది, నీళ్లలా విరేచనాలు. పేడలో తెల్లటి పురుగు ముక్కలు కనిపించాయి. సారక్కకు భయం వేసింది, అంతకంటే ఎక్కువ సిగ్గు వేసింది. వారం వారం సబ్బు పెట్టి కడిగే మేకకు పురుగులా! అల్మారాలో బాపు గోలీలు ఉన్నాయి. చేతికి గాయమైనప్పుడు గని దవాఖానలో ఇచ్చిన ఎరుపు పసుపు గోలీలు. గాయం మానగానే బాపు మిగిలినవి అక్కడే పడేశాడు. మనిషికి పనిచేసిన మందు మేకకు పనిచేయదా అనుకుంది సారక్క. బెల్లంలో పెట్టి ఒక్కొక్కటే తినిపించింది. పారుడు తగ్గలేదని ఇంకా తినిపించింది. చివరికి గోలీలన్నీ అయిపోయాయి. డాక్టరు చదువు ఇంత సులువా అని కూడా అనుకుంది పాపం.

ఎదురింటి కమలవ్వను అడిగి ఉండొచ్చు. ఆమెకు పెద్ద మంద ఉంది. కానీ ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? ఆ మంద పెరటి ముందు నుంచి పోయినప్పుడల్లా సారక్క కట్టె పట్టుకుని నిలబడేది. "మీ మేకలు మురికివి! మా బొగ్గును ముట్టనియ్యకు!" అని అరిచేది.

గోనె సంచిలో బొగ్గును చుట్టుకుని తల్లీ కూతురూ పశువుల దవాఖానకు చేరేసరికి, డాక్టరు నిర్మలాదేవి కరీంనగర్ బస్సు కోసం సంచి భుజాన వేసుకుంటోంది. మేకపిల్లను చూసి సంచి దించేసింది. దాని కనురెప్ప తిప్పి చూసింది. లోపల తెల్లగా పాలిపోయి ఉంది. ఎడమ పక్క స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది.

"కడుపుల చప్పుడే లేదు. జ్వరం గూడ ఉన్నది. ఇంట్ల ఏమన్న మందు పెట్టిండ్రా?"

"ఏం పెట్టలే డాక్టరమ్మా" అంది శంకరవ్వ.

సారక్క తల దించుకుంది.

"మంచిగ యాది చేసుకోండ్రి. ముందే ఏదన్న మందు పోతే, గీ సూదితోని మందు మీద మందు అయితది. ఇంత చిన్న పాణం తట్టుకోదు."

డాక్టరు సీసాలోంచి సూదిలోకి మందు లాగుతోంది. సారక్క కళ్లు ఆ సూది మీదే ఉన్నాయి. చెబితే అవ్వ ఊరుకోదు. బాపు మొహం ఎలా చూడాలి? చెప్పకపోతే ఎవరికీ తెలియదు. తెల్ల అంగీ వేసుకున్న డాక్టరమ్మ ఏదో ఒకటి చేసి బతికించదా? సూది బొగ్గు మెడ దగ్గరికి వచ్చింది. బొగ్గు కళ్లు తెరిచి సారక్కనే చూసింది.

"ఆగుండ్రి! నేనే పెట్టిన! బాపు గోలీలు... అన్ని పెట్టిన!"

శంకరవ్వ చెయ్యి లేచింది. డాక్టరు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"కొట్టుడు తర్వాత. మొదలు మేకను చూద్దాం." సూదిని బల్ల మీద పెట్టేసి సారక్క వైపు తిరిగింది. "మీ ఇంటి కాడ మంచిగ నెమరేసే మేక ఎవలకన్న ఉన్నదా?"

శంకరవ్వ కూతురి వంక చూసింది. సారక్క అప్పటికే గడప దాటింది.

కమలవ్వ మంద గని మట్టిగుట్ట దగ్గర మేస్తోంది. సారక్క ఆయాసపడుతూ సంగతంతా చెప్పింది.

"మా మేకలు మురికివి గద బిడ్డా?"

"తప్పైంది పెద్దవ్వా. నన్ను తిట్టు. కొట్టినా పడ్త. బొగ్గు సచ్చిపోతది!"

కమలవ్వ అప్పటికే లేచి ముసలి మేక మెడకు తాడు వేస్తోంది.

దవాఖాన వరండాలో ముసలి మేక తాపీగా పడుకుని నెమరు మొదలుపెట్టింది. దానికేం తొందర! కమలవ్వ దాని దవడ పట్టుకుంది. గొంతులో ఒక ఉండ పైకి పాకడం సారక్కకు కనిపించింది.

"ఇగో, ఇప్పుడే! ఏలు పెట్టు!"

సారక్క వేళ్లు పెట్టి లాగింది. అరచేతిలో పచ్చటి, జిగట జిగట ముద్ద. ముక్కు పగిలే వాసన. అయినా ముద్దను వదల్లేదు. డాక్టరు దాన్ని గోరువెచ్చని నీళ్లలో కలిపి, వెదురు గొట్టంతో బొగ్గు గొంతులో మెల్లగా పోసింది.

"ఇగ ఆగి చూసుడే" అంటూ డాక్టరు మెట్టు మీద కూర్చుంది. బస్సు ఎప్పుడో పోయింది.

"గోలీలతోని పురుగులు సావలేదా డాక్టరమ్మా?"

"సావలే. గవి గాయంల క్రిములను చంపేటివి, పురుగులను ముట్టయి. మేక కడుపుల కంటికి కనపడని సూక్ష్మజీవులు మస్తుంటయి. ఆకు అరగదీసేటివి అవ్వే, చెడ్డ క్రిములకు జాగ దొరకకుండ చేసేటివి అవ్వే. నీ గోలీలు కావలోళ్లను చంపి, దొంగలను ఇడిసిపెట్టినయి."

"మంచియి మేక కడుపులనే ఎందుకుంటయి?"

"గదే వాటి ఇల్లు. మేక చస్తే అవి గూడ చస్తయి. అందుకే మేకకు అక్కరకొచ్చేటివే తరతరాలు నిలిచినయి. పురుగుల సంగతి వేరే. పురుగును తట్టుకున్న మేకలకు పిల్లలు ఎక్కువైనయి. గా మేకలను గూడ ఏమార్చిన పురుగులు మిగిలినయి. ఒకటి మారితే ఇంకోటి మారాలె. వేల ఏండ్ల సంది గిదే కొట్లాట, ఇంక తెగలే. ఈ మంచి జీవులు తల్లి నోటి నుంచి, మంద నుంచి పిల్లకు వస్తయి. అందుకే ముసలి మేక నెమరు పోసిన. నీ బొగ్గుకు తల్లి లేదు, మంద లేదు. ఉన్న గా కొన్నిటిని గూడ..."

"నేనే చంపిన" అంది సారక్క. ఇక ఆపుకోలేక ఏడ్చేసింది.

గని సైరన్ మోగింది. కాసేపటికి పోశం షిఫ్టు దిగి, కాలనీలో సంగతి విని, బొగ్గు మసి మొహంతోనే దవాఖానకు వచ్చాడు. సారక్క ఎవరూ అడగకముందే అంతా చెప్పింది. ఆయన ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"గోలీలు అట్ల పడేసినోన్ని నేను. నాదీ తప్పే" అన్నాడు.

సారక్క బొగ్గు ఎడమ పక్క చెవి ఆనించింది. ఏమీ వినపడలేదు. మళ్లీ ఆనించింది. ముసలి మేక మాత్రం పక్కనే నములుతూనే ఉంది. ఎండ వరండా దాటిపోయింది. నాలుగోసారో ఐదోసారో, లోపల ఎక్కడో 'గుడ' అంది. మళ్లీ 'గుడ గుడ'.

"బాపూ! ఇను, ఇను!"

బొగ్గు గొంతులో చిన్న ఉండ పైకి పాకింది. దవడ అటు ఒకసారి, ఇటు ఒకసారి కదిలింది. శంకరవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. సారక్క మాత్రం గెంతులేసింది. ఆ తర్వాత డాక్టరమ్మ చెబితే, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది.

మరి కొన్నాళ్లకు బొగ్గు లేచి తిరగసాగింది. డాక్టరు దాన్ని తూకం వేసి మరీ పురుగుల మందు పట్టింది. ఆదివారం పొద్దున కమలవ్వ మంద పెరటి ముందుకు వచ్చింది. సారక్క గుంజ దగ్గరికి పోయి బొగ్గు తాడు విప్పింది.

"బొగ్గును సబ్బు పెట్టి తోముకొచ్చినవానే?" అని కమలవ్వ నవ్వింది.

"లే పెద్దవ్వా."

ముసలి మేక మెడ చాచి సారక్క లంగా వాసన చూసింది. సారక్క తుమ్మ కొమ్మ విరిచి ముందు ముసలి మేకకు అందించింది. బొగ్గు కూడా వచ్చి మూతి పెట్టింది. రెండూ ఒకే కొమ్మను చెరో వైపు నుంచి నములుతుంటే, సారక్క ఆ కొమ్మను అలాగే పట్టుకుని నిలబడింది.